ఆకు తినే పెద్ద చేపల ట్యాంకులో ఏ మొక్క నిలుస్తుంది?

క్లుప్తంగా: సిల్వర్ డాలర్, టిన్‌ఫాయిల్ బార్బ్, జెయింట్ గౌరామి, గోల్డ్ ఫిష్ లాంటి చేపలున్న ట్యాంకులో ‘చేప ముట్టని మొక్క’ అంటూ కచ్చితంగా చెప్పగలిగేది ఏదీ లేదు. చేప నోరు ఎలాంటిది, దాని కడుపు నిండుతోందా, మొక్క ఎంత వేగంగా చిగురిస్తుంది అన్నదాన్ని బట్టే పచ్చదనం మిగలడమో, ఖాళీ కాడలు మిగలడమో ఉంటుంది. హైదరాబాద్‌లో వీటికి బోరు నీటి కాఠిన్యం (నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు), ఎండాకాలం వేడి కూడా తోడవుతాయి.

శనివారం సాయంత్రం కొన్న కబాంబా కట్ట ఆదివారం పొద్దుటికి మోడుగా మిగలడం సిల్వర్ డాలర్ పెంచేవాళ్లకు కొత్త కాదు. మళ్లీ షాపుకి వెళితే ఈసారి ‘చేపలు తినని మొక్క’ అంటూ ఇంకోటి ఇస్తారు. అది ఒక ఇంట్లో ఏడాదిపాటు నిక్షేపంగా ఉంటుంది, పక్క ఫ్లాట్‌లో వారం కూడా నిలవదు. మొక్క అదే, నీళ్లూ దాదాపు అవే. అయినా ఫలితం ఎందుకు మారుతుందో తేలాలంటే మొక్కల జాబితా పక్కనపెట్టి ముందు చేప నోరు చూడాలి.

తినే చేప వేరు, పీకే చేప వేరు

మొక్కలు పాడవుతున్నాయంటే చేప తింటున్నట్టేనని అనుకోనక్కర్లేదు. నగరంలో చాలామంది మోజుపడి పెంచే ఫ్లవర్‌హార్న్, ఆస్కార్ చేపలకు ఆకుల మీద పెద్ద ఆశ ఉండదు. వాటి అలవాటు తవ్వడం. ట్యాంకు అడుగున పరిచిన గులకరాళ్లను (గ్రావెల్) నోట్లోకి తీసుకుని ఉమ్ముతాయి, వేళ్లు కదిలిన మొక్క పైకి తేలిపోతుంది. ఇలాంటి ట్యాంకులో ఆకు ఎంత చేదుగా ఉన్నా ఉపయోగం లేదు. బరువైన రాయికి గట్టిగా కట్టిన మొక్కే నిలుస్తుంది.

గోల్డ్ ఫిష్ ఈ రెండు పనులూ చేస్తుంది. మెత్తని ఆకు తింటుంది, అడుగున తిండి వెతుకుతూ వేళ్లూ కదుపుతుంది. దానికి దవడల్లో పళ్లుండవు. గొంతు లోపల ఉండే పళ్లతో నమలాలి, పైగా జీర్ణాశయం అంటూ విడిగా ఉండదు. అందుకే కొద్దికొద్దిగా రోజంతా మేస్తూనే ఉంటుంది. గట్టి ఆకును కొరికి తెంచడం దానికి కష్టం కాబట్టి మందపాటి ఆకులు దాని దగ్గర బతికిపోతాయి.

సిల్వర్ డాలర్ సంగతి వేరు. దక్షిణ అమెరికా నదులకు చెందిన ఈ చేప పిరానాలకు దగ్గరి బంధువు. దవడల్లో పదునైన పళ్లుంటాయి, వాటిని మాంసానికి బదులు ఆకులు కోయడానికి వాడుతుంది. పెరిగితే సుమారు 15 సెంటీమీటర్లు. ఒంటరిగా ఉంటే బెదురుతుంది కాబట్టి ఐదారింటిని కలిపి పెంచుతారు. గుంపు మొత్తం ఒకే మొక్క మీద పడితే అది కోలుకునే సందు దొరకదు.

ఇదే కుటుంబంలో పెద్దది పాకు. రాంనగర్, బేగంబజార్ చేపల మార్కెట్లలో రూప్‌చంద్ పేరుతో కిలోల లెక్కన అమ్మేది ఈ జాతినే. అక్వేరియం షాపులో ఎర్ర పొట్టతో, అరచేతిలో ఇమిడే పిల్లగా కనిపిస్తుంది. అమెజాన్ వరద అడవుల్లో చెట్ల నుంచి రాలిన గింజలను, కాయలను పగలగొట్టి తినే దవడ దానిది. బాగా ఎదిగితే 80 సెంటీమీటర్లు దాటగలదు. దానికి తగ్గ మొక్క వెతకడం కన్నా ముందు దానికి తగ్గ ట్యాంకు ఇంట్లో పడుతుందా అన్నది తేల్చుకోవాలి. మామూలు నాలుగడుగుల ట్యాంకుకు అది సరిపోయే చేప కాదు.

ఆకు మీద గాటు ఏం చెబుతుంది

ట్యాంకులో రెండు మూడు రకాల చేపలుంటే తింటున్నది ఏదో తెలియక చాలామంది అమాయకపు చేపను వేరుచేస్తారు. ఆకును బయటికి తీసి వెలుతురులో పట్టుకుంటే చాలావరకు తేలిపోతుంది. అంచు నెలవంకలా, కత్తిరించినట్టు నున్నగా పోయి ఉంటే సిల్వర్ డాలర్ లాంటి పళ్లున్న చేప పని. అంచు పీచుపీచుగా చిరిగి, ఆకు నలిగినట్టుంటే గోల్డ్ ఫిష్‌నో, బార్బ్‌నో అనుమానించాలి. ఆకు ఆకారం చెక్కుచెదరకుండా మధ్యలో పచ్చదనం మాత్రం గీకేసి, ఈనెలు వల మాదిరిగా మిగిలితే అది సక్కర్ ఫిష్. ముఖ్యంగా అమెజాన్ స్వోర్డ్ అనే మొక్క వెడల్పాటి ఆకుల మీద రాత్రిళ్లు అతుక్కుని గీకుతుంది.

సూదితో పొడిచినట్టు చిన్న రంధ్రాలు, వాటి చుట్టూ పసుపు అంచు ఉంటే మాత్రం చేపల తప్పేమీ లేదు. అది పొటాషియం కొరత లక్షణం. ముదురు ఆకుల మీద ముందు కనిపిస్తుంది. దీనికి చేపను మార్చినా ఫలితం ఉండదు, ఎరువు మార్చాలి.

మొక్క చేతిలో ఉన్న ఆయుధాలు

కంద కోసినప్పుడు చేతులు దురద పెట్టడం తెలుగిళ్లలో అందరికీ తెలిసిందే. కణాల్లో సూదుల్లా ఉండే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు దానికి ప్రధాన కారణం. కంద, చామ, మనీ ప్లాంట్‌తో పాటు అక్వేరియంలో పెంచే అనుబియాస్, క్రిప్టోకోరైన్ కూడా ఇదే కుటుంబానివి. అనుబియాస్‌కు దీనికితోడు మందంగా, తోలులా ఉండే ఆకు. కొరకడం కష్టం, కొరికినా రుచించదు. పశ్చిమ, మధ్య ఆఫ్రికా వాగుల ఒడ్డున పెరిగే ఈ మొక్క ఆకు తినే చేపల ట్యాంకుల్లో మొదటి ఎంపిక కావడానికి కారణం ఇదే.

అయితే స్ఫటికాలున్నంత మాత్రాన ఆకుకు పూర్తి రక్షణ దొరికినట్టు కాదు. ఇండోనేసియాలో జెయింట్ గౌరామిని చెరువుల్లో పెంచే రైతులు దానికి చామ జాతి పెద్ద ఆకులనే మేతగా వేస్తారు, అది ఇష్టంగా తింటుంది. కాబట్టి సిల్వర్ డాలర్ దగ్గర బతికిన అనుబియాస్ జెయింట్ గౌరామి దగ్గర బతుకుతుందన్న హామీ లేదు. ఇంకో వింత డక్‌వీడ్ అనే, నీటి మీద తేలే చిన్న మొక్క. అది కూడా ఇదే కుటుంబం, అందులోనూ ఆ స్ఫటికాలుంటాయి. అయినా ఆకు పలచగా, మెత్తగా, మాంసకృత్తులతో నిండి ఉంటుంది కాబట్టి గోల్డ్ ఫిష్‌కు అది విందే. దీన్నిబట్టి చూస్తే రసాయనం కన్నా ఆకు గట్టిదనానికే ఎక్కువ మార్కులు వేయాల్సి వస్తుంది.

ఆగ్నేయాసియాకు చెందిన జావా ఫెర్న్ ఆకు మరీ మందం కాదు గానీ రుచి చేపలకు నచ్చదు. ఒకటి రెండు సార్లు కొరికి వదిలేస్తాయి. ఆకలితో ఉన్న సిల్వర్ డాలర్ గుంపుకు మాత్రం ఈ రుచి పట్టింపు పెద్దగా ఉండదు. ఉల్లిగడ్డలాంటి దుంప నుంచి పొడవాటి పట్టీల్లా ఆకులు వేసే క్రైనం మరో గట్టి మొక్క. ఆ జాతిలో ఉండే ఆల్కలాయిడ్లు అనే చేదు రసాయనాల వల్ల ఎక్కువ చేపలు దాన్ని ముట్టవు. ఎదగడానికి చోటు మాత్రం చాలా కావాలి.

ఏ మొక్కను చేప ముందు తింటుందన్నదానికి మన చెరువుల అనుభవమూ ఉంది. కలుపు తినే గడ్డి చేపను 1959లో దేశానికి తెచ్చారు. చెరువులో వదిలితే అది ముందుగా హైడ్రిల్లా నాచు, నాజాస్ లాంటి మెత్తని మునిగే మొక్కల మీద పడుతుంది. గుర్రపు డెక్కను, అంతరతామరను దాదాపుగా ముట్టుకోదు. తిన్నదాంట్లోనూ సుమారు సగమే ఒంటబడుతుంది, మిగతాది విసర్జనగా నీళ్లలోకే వస్తుంది. అక్వేరియంలోనూ ఇంతే. ఆకు తినే చేప నీటిని ఎక్కువ మురికి చేస్తుంది, ఫిల్టర్ మీద భారం పడుతుంది.

తట్టుకునేవి, మళ్లీ పెరిగేవి, అందనివి

ఈ లెక్కన ఎంపికకు మూడు దారులు కనిపిస్తాయి. మొదటిది చేప కొరకలేనివి, లేదా రుచించక వదిలేసేవి: అనుబియాస్, జావా ఫెర్న్, క్రైనం. వీటిలో మొదటి రెండింటి బలహీనత నిదానం. అనుబియాస్ ఒక కొత్త ఆకు వేయడానికి మూడు నాలుగు వారాలు పట్టడం మామూలే. కొత్త ఆకు లేతగా, లేత ఆకుపచ్చగా విచ్చుకుంటుంది. చేప దాన్నే వెతుక్కుని తింటుంది. ముదురు ఆకులు నెలల తరబడి అలాగే ఉన్నా మొక్క ముందుకు సాగకపోవడానికి కారణం తరచూ ఇదే. యజమానికి అది ‘పెరగని మొక్క’లా కనిపిస్తుంది.

రెండో దారి తిన్నా మళ్లీ పెరిగేవి. వాలిస్నేరియా భూమిలో తీగలు పంపి పిలకలు వేస్తుంది, హార్న్‌వర్ట్‌కు వేళ్లే ఉండవు, ముక్క తెగితే ముక్క పెరుగుతుంది. ఇవి నిలవాలంటే తినే వేగం కన్నా పెరిగే వేగం ఎక్కువుండాలి. నాలుగడుగుల ట్యాంకులో రెండు చిన్న గోల్డ్ ఫిష్‌లకు ఇది సాధ్యమే. అదే ట్యాంకులో ఆరు సిల్వర్ డాలర్లుంటే వాలిస్నేరియా ఓడిపోతుంది. అప్పుడు దాన్ని ఒక టబ్బులో విడిగా పెంచి, వారానికో పిడికెడు మేతగా వేయడమే మేలు. డక్‌వీడ్, అజొల్లా కూడా అంతే. అనుకూలిస్తే డక్‌వీడ్ రెండు మూడు రోజుల్లోనే రెట్టింపవుతుంది. బాల్కనీలో ఎండ తగిలే ఒక తొట్టి చాలు.

మూడోది, పెద్దగా ఎవరూ ఆలోచించనిది, నోటికి అందని చోట పెంచడం. మనీ ప్లాంట్ ఆకులు ట్యాంకు బయట, వేళ్లు మాత్రం నీళ్లలో ఉండేలా అమరిస్తే చేపల విసర్జన వల్ల నీటిలో పేరుకునే నైట్రేట్‌ను అది బాగా లాగేస్తుంది. ఆకులు గాలిలో ఉండటం వల్ల కార్బన్ డయాక్సైడ్ కొరత ఉండదు, అందుకే మునిగే మొక్కల కన్నా జోరుగా పెరుగుతుంది. సిల్వర్ డాలర్లు వేళ్లను కూడా కొరుకుతాయి కాబట్టి చిల్లుల ప్లాస్టిక్ బుట్టలోనో, ఫిల్టర్ పెట్టెలోనో వేళ్లు ఉంచాలి. పెద్ద చేపల ట్యాంకులో నీటిని శుభ్రం చేసే పని నిజంగా చేయగలిగేది ఈ రకమే. నిదానంగా పెరిగే అనుబియాస్ నుంచి ఆ పని ఆశించడం దండగ. అది అందానికే.

బోరు నీళ్లు, నల్లా నీళ్లు

హైదరాబాద్ గ్రానైట్ రాతి మీద నిలిచిన నగరం. నల్లాలో కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు వస్తాయి, అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాటిలో కలుస్తాయి. తాగే నీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది, వేరే దారి లేకపోతే 600 వరకు అనుమతి. బకెట్ల మీద, కుళాయిల మీద తెల్లటి పొర కట్టే ఇళ్లలో కాఠిన్యం ఎక్కువనే అర్థం.

మొక్కలకు ఇది చెడ్డ వార్తే కానవసరం లేదు. వాలిస్నేరియా, హైడ్రిల్లా లాంటివి కార్బన్ డయాక్సైడ్ చాలనప్పుడు కఠిన జలంలో ఉండే బైకార్బనేట్ నుంచి కార్బన్ తీసుకోగలవు. ఎండ బాగా తగిలిన రోజు వాటి ఆకుల మీద సున్నం పొడి చల్లినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది. అది తెగులు కాదు, ఆ ప్రక్రియలో పేరుకున్న కాల్షియం కార్బనేట్. అనుబియాస్, జావా ఫెర్న్ కూడా కఠిన జలానికి ఓర్చుకుంటాయి. మెత్తని నీరు కోరే బోల్బిటిస్ లాంటి ఫెర్న్‌లు బోరు నీళ్లలో నీరసిస్తాయి. అందంగా ఉన్నాయని వాటికి డబ్బు పెట్టడం ఇక్కడ తెలివైన పని కాదు.

బోరు నుంచి అప్పుడే తోడిన నీటిలో ఆక్సిజన్ తక్కువగా, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉండవచ్చు. ఒక రాత్రి ఎయిర్ పంప్ పెట్టి ఉంచితే సర్దుకుంటుంది. నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది, షాపుల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే సోడియం థయోసల్ఫేట్ చుక్కలు దానికి సరిపోతాయి. ఆర్‌ఓ యంత్రం నుంచి పారబోసే నీటిని కుండీలకు పోసినట్టు ట్యాంకులో పోయకూడదు. లవణాలన్నీ చిక్కబడి చేరేది అందులోనే.

ఏప్రిల్, మే నెలల్లో

నగరంలో పగటి వేడి 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఏసీ లేని గదిలోని ట్యాంకు నీరు 30 డిగ్రీలు దాటడం మామూలే. దీనివల్ల ఒకేసారి మూడు మార్పులు జరుగుతాయి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇమిడితే, 30 డిగ్రీల దగ్గర అది 7.5కి పడిపోతుంది. ఉష్ణమండల చేపల జీవక్రియ వేగం పుంజుకుని ఆకలి పెరుగుతుంది. జావా ఫెర్న్‌కు మాత్రం 28 డిగ్రీలు దాటితే పెరుగుదల మందగించి ఆకులు నల్లబడటం మొదలవుతుంది. చలికాలమంతా చక్కగా ఉన్న మొక్క మేలో మాయమవడం వెనుక ఉన్నది ఇదే: చేప ఎక్కువ తింటోంది, మొక్క తక్కువ పెరుగుతోంది. చల్లదనం కోరే గోల్డ్ ఫిష్‌కైతే ఈ కాలం ఇంకా కష్టం.

రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి. దట్టంగా మొక్కలు, పెద్ద చేపలు కలిసి ఉన్న ట్యాంకులో తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తుంటే ఎయిర్ పంప్ రాత్రంతా నడపాల్సిందే.

మూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాద్ ఎండాకాలపు పొడి గాలిలో ఇది విశాఖ ఉక్కపోతలో కన్నా బాగా పనిచేస్తుంది. టిన్‌ఫాయిల్ బార్బ్ లాంటి దూకే చేపలుంటే పైన జాలీ తప్పనిసరి. ఇందులో ఒక మెలిక ఉంది. ఆవిరయ్యేది నీరే, లవణాలు ట్యాంకులోనే ఉండిపోతాయి. తగ్గిన నీటిని రోజూ బోరు నీటితో నింపితే నెల తిరిగేసరికి కాఠిన్యం పెరిగిపోతుంది. ఆవిరైన మేరకు ఆర్‌ఓ శుద్ధజలం పోసి, వారం వారం మార్చే నీటికి మాత్రం మామూలు నీళ్లు వాడితే ఈ బెడద ఉండదు.

కడుపు నిండితే మొక్క మిగులుతుంది

మొక్కను కాపాడే చవకైన మందు రైతుబజార్‌లోనే దొరుకుతుంది. ఆకు తినే చేపకు గుళికల మేత ఒక్కటే వేస్తే దానికి పీచు చాలదు, ఆ వెలితిని మొక్కలతో తీర్చుకుంటుంది. కీరా చక్రాలు, లేత సొరకాయ ముక్కలు, వేడినీళ్లలో ఒక నిమిషం ముంచిన తోటకూర, తొక్కు తీసిన బఠాణీ వేస్తే మొక్కల మీద దాడి చాలావరకు తగ్గుతుంది, పూర్తిగా ఆగకపోవచ్చు. ఆకుకూరల మీద పురుగుమందు ఉండే ప్రమాదం ఉంది కాబట్టి రెండు మూడు నీళ్లలో కడగడం తప్పదు. తినగా మిగిలిన ముక్కలు కొన్ని గంటల్లోనే తీసేయాలి. కుళ్లితే అమ్మోనియా వస్తుంది, క్షారగుణం ఎక్కువున్న, వెచ్చని నీటిలో అమ్మోనియా మరింత విషపూరితం.

వేళ కూడా ముఖ్యమే. లైట్ వేయగానే మేత పడితే చేప దాని కోసం ఎదురుచూస్తుంది. లైట్ వెలిగి గంటలు గడిచినా మేత రాకపోతే కళ్ల ముందున్నది మొక్కే.

నాటడానికి ముందు

అనుబియాస్, జావా ఫెర్న్‌లకు అల్లం కొమ్ములా అడ్డంగా పాకే కాండం ఉంటుంది. దాన్ని గ్రావెల్‌లో పూడిస్తే కుళ్లిపోతుంది, ఇక్కడ చేపకు సంబంధమే లేదు. రాయికో, చెక్కకో నూలు దారంతో కట్టాలి, లేదా సూపర్ గ్లూ చుక్కతో అతికించాలి. వేళ్లు పట్టుకునేదాకా సిల్వర్ డాలర్ల ముందు పెట్టకుండా నాలుగైదు వారాలు వేరే టబ్బులో ఉంచితే బతికే అవకాశం బాగా పెరుగుతుంది.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. నర్సరీలు చాలా మొక్కలను నీటి పైన, తేమ గాలిలో పెంచుతాయి. అలాంటి మొక్కను నీట ముంచితే పాత ఆకులు కరిగిపోయి, నీటికి తగ్గ కొత్త ఆకులు వస్తాయి. క్రిప్టోకోరైన్, అమెజాన్ స్వోర్డ్‌లలో ఇది ఎక్కువ. సరిగ్గా ఆ లేత ఆకులు వచ్చే సమయానికి ఆకలిగొన్న చేప పక్కనుంటే మొక్క పని అయిపోయినట్టే. టబ్బులో ఉంచిన రోజుల్లో నత్తలు, వాటి గుడ్లు కూడా బయటపడతాయి. పటిక నీళ్లలో ముంచి కడగడం నత్తలకు వాడుకలో ఉన్న ఉపాయం. రాగి ఉన్న నత్తల మందులు మొక్కలకూ హాని చేస్తాయి.

లైట్ ఎక్కువైతే అనుబియాస్ ముదురు ఆకుల మీద పాచి పేరుకుంటుంది. పెద్ద చేపల ట్యాంకులో నైట్రేట్, ఫాస్ఫేట్ ఎలాగూ ఎక్కువే, దానికి పదీ పన్నెండు గంటల లైట్ తోడైతే పాచి పండుగ చేసుకుంటుంది. రోజుకు ఆరేడు గంటలు చాలు.

చెరువు మొక్క ఇంటికి, ఇంటి మొక్క చెరువుకి

ఊరి చుట్టూ చెరువుల్లో హైడ్రిల్లా, అంతరతామర ఉచితంగానే దొరుకుతాయి. కానీ మురుగు చేరే చెరువు మొక్కతో పాటు పరాన్నజీవులు, నత్తలు, రసాయనాలు వస్తాయి. కడిగినంత మాత్రాన అన్నీ పోవు. అంతరతామరకు మరో ఇబ్బంది, అది పైభాగాన్ని కమ్మేసి కింది మొక్కలకు వెలుతురు అందనివ్వదు.

ఇటు నుంచి అటు వెళ్లేది ఇంకా ప్రమాదం. గుర్రపు డెక్క కూడా ఒకప్పుడు పూల అందం కోసం దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. ఇప్పుడు నగర చెరువుల మీద దాన్ని తొలగించడానికి యంత్రాలు దించాల్సి వస్తోంది. సక్కర్ ఫిష్ కూడా అక్వేరియంల దారిలోనే మన నీళ్లలోకి చేరింది. ట్యాంకులో పట్టని పాకును చెరువులో వదలకుండా షాపుకో, పెద్ద ట్యాంకున్న వాళ్లకో ఇవ్వాలి. కత్తిరించిన మొక్కలను కాలువలో పారేయకుండా ఎండబెట్టి కుండీల మట్టిలో కలపవచ్చు. డక్‌వీడ్ మిగిలినా అంతే, పూర్తిగా ఎండాకే కలపాలి. తడి ఆకు ఒక్కటి వాననీటితో కాలువలో పడినా అక్కడ మళ్లీ మొదలవుతుంది.